టీకా గొడవతో అక్కకూ నాకూ మాటలు పోయాయి, మళ్ళీ ఎలా కలిశామంటే

"లాక్‌డౌన్ రోజుల్లో, ఆ తర్వాత టీకాల విషయంలో మా అన్నయ్యకూ నాకూ పెద్ద గొడవైంది. అప్పటి నుంచి మాటల్లేవు. ఎంతో తెలివైన మనిషి, ఎందుకలా మారిపోయాడో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఇలాంటిది ఎవరింట్లోనైనా సర్దుకుందా?" అని మీరు అడిగారు.

మా ఇంట్లో సర్దుకుంది. మునుపటి చనువు పూర్తిగా రాలేదు గానీ మాట్లాడుకుంటున్నాం. 2021 సెప్టెంబరు నుంచి దాదాపు 14 నెలలు నాకూ మా అక్కకూ మాటల్లేవు. అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే తప్పంతా అక్కదేనని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పలేను. పైకి మేం పోట్లాడుకున్నది టీకా గురించే. కానీ ఆ గొడవ టీకా రావడానికి ఏడాది ముందే మొదలైంది. ఆ ఏడాది మా ఇద్దరికీ ఒకేలా గడవలేదు. నేనది పట్టించుకోలేదు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది. కొద్దిరోజులకే నాకు ఇంటి నుంచి పని మొదలైంది. నెల తిరిగేసరికి జీతం పడేది. అక్క పిల్లలకు సంగీతం నేర్పేది. ఆ క్లాసులు ఒక్క రోజులో ఆగిపోయాయి. ఆన్‌లైన్‌లో ప్రయత్నించింది. పదిమంది పిల్లలు కలిసి పాడితే ఒక్కొక్కరి గొంతు ఒక్కోసారి వినపడేది, తాళం కలిసేది కాదు. ఒక్కొక్కరే మానేశారు. నాకు లాక్‌డౌన్ అంటే ఇంట్లో కూర్చోవడం. అక్కకు రాబడి ఆగిపోవడం, పదిహేనేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న పని చేజారిపోవడం. ఆంక్షలు ఇంకెన్నాళ్ళు అని అక్క విసుక్కుంటే, "నీకు మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ ఏడాది చివర్లో అక్క అత్తగారు కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరారు. పదేళ్ళు ఆవిణ్ణి కన్నతల్లిలా చూసుకున్నది అక్కే. అంబులెన్స్ తలుపు వేశాక మళ్ళీ దగ్గరగా చూడలేదు. పన్నెండు రోజుల్లో రెండుసార్లు ఒక నర్సు తన ఫోన్‌లో వీడియో చూపించింది. పదమూడో రోజు ఫోన్ వచ్చింది. అంత్యక్రియలు కూడా ఫోన్‌లోనే చూశారు. నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను, ఓదార్చాను. కానీ ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను. అక్కలో అది అయిపోలేదు. నెలలు, ఏళ్ళు గడిచినా తగ్గకుండా రోజువారీ బతుకును పట్టి ఆపేసే దుఃఖానికి ఇప్పుడు వైద్యంలో ఒక పేరుంది, దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అంటారు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో అది చేరింది. అక్కకు అదే ఉందని నేను అనడం లేదు, అది డాక్టరు చెప్పాల్సిన మాట. అలాంటిదొకటి ఉంటుందని అప్పుడు తెలిసుంటే కాస్త ఆగి మాట్లాడేదాన్నని మాత్రం అనుకుంటాను.

నా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గొడవలో సగం నా భయానిదే. నేను ఒంటరిగా ఉండేదాన్ని. రాత్రి ఒంటిగంటకు, రెండింటికి లేచి ఫోన్‌లో ఆ రోజు కేసులెన్ని, మరణాలెన్ని అని చూసేదాన్ని. తర్వాత దేశాలవారీగా చూసేదాన్ని. చేతులు కడిగి కడిగి చర్మం పగిలింది. గుండె దడగా ఉండేది, నిద్ర లేదు. దీన్నంతా నేను జాగ్రత్త అనుకున్నాను. ఫోన్‌లో మాట్లాడిన ఒక కౌన్సెలర్ అడిగిన ప్రశ్న నన్ను ఆపింది: "ఆ అంకెలు చూశాక మీకు ధైర్యం వస్తోందా, టెన్షన్ పెరుగుతోందా?" పెరుగుతోందని నాకు తెలుసు, కానీ చూడకుండా ఉండలేకపోయాను. రోజుకు ఒకసారి, సాయంత్రం ఆరింటికి, పావుగంట మాత్రమే వార్తలు చూడమని, ఫోన్ పడకగదిలో పెట్టుకోవద్దని చెప్పారు. మూడు వారాలకు నిద్ర కాస్త కుదుటపడింది. నాలా ఎందరో ఉన్నారని తర్వాత తెలిసింది. మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచం మొత్తం మీద 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. యువత, ఆడవాళ్ళ మీద ఆ భారం ఎక్కువగా పడిందట.

ఇలా జరుగుతుందని ముందే తెలిసినవాళ్ళున్నారు. 2020 ఫిబ్రవరిలోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో క్వారంటైన్ మనసు మీద ఏం చేస్తుందో పాత అధ్యయనాలన్నీ కూర్చి ఒక వ్యాసం వచ్చింది. అవసరమైనదానికంటే ఎక్కువ రోజులు ఉంచకండి, ఎందుకు ఉంచుతున్నారో స్పష్టంగా చెప్పండి, కావలసిన సరుకులు, మందులు అందేలా చూడండి, రాబడి పోయినవాళ్ళను ఆదుకోండి. దాని సారాంశం ఇదే. చాలాచోట్ల ఇవి సరిగ్గా జరగలేదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆరు విడతలుగా మొత్తం 262 రోజులు లాక్‌డౌన్ నడిచింది. నెదర్లాండ్స్‌లో 2021 జనవరిలో రాత్రి కర్ఫ్యూ పెడితే అల్లర్లే జరిగాయి. ఆంక్షలు అక్కర్లేదని నేను అనను. టీకా, మందు ఏదీ లేని రోజుల్లో మనుషుల మధ్య దూరమే ప్రాణాలు కాపాడింది. కానీ చెప్పే మాట తరచూ మారింది. మాస్కులు జనమంతా పెట్టుకోనక్కర్లేదని మొదట అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 జూన్‌లో పెట్టుకోమంది. కొత్త జబ్బు గురించి తెలిసేకొద్దీ సలహా మారడం సహజమే. "నిన్నటివరకు మాకు ఇంతే తెలుసు, ఈరోజు ఇది తెలిసింది" అని విప్పి చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ. సలహా మారినప్పుడల్లా అక్క నమ్మకం కొంచెం కొంచెం తరిగింది. కడసారి చూపు దక్కనివ్వని గొంతే టీకా వేయించుకో, ఏం కాదు అంటుంటే ఆమెకు ఎలా వినిపించి ఉంటుందో మీరే ఊహించండి.

ఇక టీకా. ఇక్కడ నేను చేసిన తప్పులు వివరంగా చెబుతాను, మీకు పనికొస్తాయి.

అక్క మొదటి ప్రశ్న: "పదేళ్ళు పట్టే పని ఏడాదిలో ఎలా అయింది?" చాలా మంచి ప్రశ్న. అప్పటివరకు అన్నిటికంటే త్వరగా వచ్చిందని చెప్పుకునే గవదబిళ్ళల టీకాకే 1960లలో నాలుగేళ్ళు పట్టింది. నేనేమో "వాట్సాప్‌లో చదివి మాట్లాడకు" అన్నాను. నిజానికి దానికి చక్కటి జవాబుంది. వైరస్‌లోని ఒక ముక్కను తయారుచేయమని మన కణాలకు సూచన పంపే ఎంఆర్ఎన్ఏ అనే టీకా పద్ధతి మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఆ ఎంఆర్ఎన్ఏను శరీరం శత్రువనుకుని వాపు పుట్టించకుండా ఎలా మార్చాలో కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ అనే శాస్త్రవేత్తలు 2005లోనే చూపించారు. 2023లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. కోవిడ్ వైరస్ కుటుంబానికే చెందిన సార్స్, మెర్స్ జబ్బులు వచ్చినప్పటి నుంచి ఈ రకం వైరస్‌ల పైన ముళ్ళలా ఉండే స్పైక్ ప్రోటీన్ మీద పరిశోధన ఉంది. 2020 జనవరి రెండో వారానికే వైరస్ జన్యుక్రమం, అంటే దాని జన్యువుల పూర్తి అమరిక, అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి చేసే పరీక్షల దశలను కలిపి నడిపారు. టీకా ఆమోదం పొందుతుందో లేదో తెలియకముందే డబ్బు పెట్టి తయారీ మొదలుపెట్టారు. జబ్బు అంతటా వ్యాపించి ఉంది కాబట్టి టీకా పనిచేస్తోందో లేదో తేలడానికి ఏళ్ళు ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. ఇదంతా ఓపికగా చెప్పడానికి పది నిమిషాలు చాలు. నేను ఆ పది నిమిషాలు ఇవ్వలేదు.

రెండో తప్పు, ఎక్కువ చెప్పడం. ఫైజర్ టీకా 95 శాతం పనిచేస్తుందని వార్త వచ్చిన రోజు "టీకా వేయించుకుంటే ఇక రానే రాదు" అన్నాను. ఆ అంకెకు అర్థం అది కాదు. సుమారు 43 వేలమంది మీద చేసిన ఆ పరీక్షలో, లక్షణాలతో జబ్బు పడినవాళ్ళు ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 162 మంది, టీకా తీసుకున్నవాళ్ళలో 8 మంది. 95 శాతం అక్కడి నుంచి వచ్చింది. అది ఆ కొద్ది నెలలకు, ఆనాటి వైరస్‌కు సంబంధించిన లెక్క. 2021 నవంబరు చివర్లో ఒమిక్రాన్ అనే కొత్త రకం కోవిడ్ వైరస్ పేరు వినిపించింది. జనవరిలో రెండు డోసులూ వేసుకున్న నాకే కోవిడ్ వచ్చింది. అప్పటికి మాటల్లేవు. అక్క నుంచి ఒక్క మెసేజ్ వచ్చింది: "రానే రాదన్నావుగా." నేను జవాబివ్వలేదు. ఆస్పత్రి అవసరం లేకుండా నాలుగు రోజుల్లో కోలుకున్నాను. టీకా అసలు పని అదే, జబ్బు ముదరకుండా, ప్రాణం పోకుండా కాయడం. టీకాలు మొదలైన తొలి ఏడాదిలో 1.44 కోట్ల నుంచి 1.98 కోట్ల వరకు మరణాలు తప్పాయని ఒక అంచనా. కానీ నేను అక్కకు చెప్పింది ఇది కాదే.

మూడోది ఇంకా బాధ కలిగించేది. ఆస్ట్రాజెనెకా టీకాతో రక్తం గడ్డకడుతోందట కదా అని అక్క అడిగితే అదంతా పుకారని కొట్టిపారేశాను. 2021 ఏప్రిల్ 7న యూరప్ మందుల సంస్థే దాన్ని అత్యంత అరుదైన దుష్ప్రభావాల్లో చేర్చింది. ఎంఆర్ఎన్ఏ టీకాల తర్వాత కూడా కొద్దిమందిలో, ముఖ్యంగా యువకుల్లో, గుండె కండరానికి వాపు రావడం గమనించారు, చాలామంది కోలుకున్నారు. అరుదు అనేది నిజం, జబ్బుతో ఉన్న ముప్పే చాలామందికి ఎక్కువ అనేదీ నిజం. అసలు లేదు అనడం మాత్రం అబద్ధం. తెలియక చెప్పినా అబద్ధమే. ఆ రోజు నుంచి నేను చెప్పిన మిగతా నిజాలు కూడా అక్క చెవికెక్కలేదు.

టీకాల మీద ఈ అపనమ్మకమంతా ఫోన్లు, వాట్సాప్ తెచ్చిన జబ్బు అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ ఇంగ్లండ్‌లో 1853లో పసిపిల్లలకు మశూచి టీకా తప్పనిసరి చేస్తే, 1885లో లెస్టర్ పట్టణంలో వేలమంది ఊరేగింపు తీశారు. చివరికి 1898లో మనస్సాక్షి ఒప్పుకోని తల్లిదండ్రులకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. 1919లో శాన్ ఫ్రాన్సిస్కోలో మాస్కులకు వ్యతిరేకంగా ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు. ఇవి చదివాక అక్క నాకు వింత మనిషిలా అనిపించడం మానేసింది.

ఎలా కలిశామంటే, మొదటి అడుగు నేనే వేశాను. 2022 నవంబరులో, అక్క అత్తగారు పోయి రెండేళ్ళవుతున్న రోజుల్లో ఫోన్ చేశాను. టీకా మాట ఎత్తలేదు. "ఆవిడ పోయిన రోజు ఏం జరిగిందో నేనెప్పుడూ పూర్తిగా అడగలేదక్కా, చెప్తావా?" అన్నాను. గంటన్నర చెప్పింది. వీడియోలో ఆవిడ ఏదో అనబోతే ఫోన్ కట్ అయిందట. ఏం అనబోయారో అని రెండేళ్ళుగా అదే ఆలోచనట. నాకది అప్పటివరకు తెలియదు. నేనేం సమాధానం చెప్పలేదు, చెప్పడానికి ఏముంది. చివర్లో నేను అన్న మాటలకు, పుకారని కొట్టిపారేసినందుకు క్షమించమని అడిగాను. అక్క వెంటనే ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది.

టీకా సంగతి బావగారు చెబితే తెలిసింది. 2022 మొదట్లోనే అక్క వేయించుకుంది. తనకు ఎప్పటి నుంచో ఒక మందు పడదు, దాని గురించి భయం. ఎన్నో ఏళ్ళుగా చూసే డాక్టరు దగ్గరకు వెళ్ళి అడిగితే ఆయన ఎగతాళి చేయకుండా అన్నీ విని, ఆ మందుకూ టీకాకూ సంబంధం లేదని వివరించి, వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోబెట్టారట. నా ఏడాది వాదనలో ఒక్కసారి కూడా "నీ భయం దేని గురించి" అని నేను అడగలేదు.

మీ అన్నయ్య విషయంలో, ఆ రోజుల్లో ఆయనకు ఏం పోయిందో ముందు గుర్తు చేసుకోండి. పనా, మనిషా, చదువుకునే పిల్లల రెండేళ్ళా? మీకు తెలియకపోతే అదే అడగండి. టీకా గురించి ఆయనే ఎత్తితే, అప్పట్లో మీరు ఎక్కువ చెప్పినవి ఏవైనా ఉంటే ముందు వాటిని ఒప్పుకోండి. సరైనవి వదులుకోనక్కర్లేదు. నేను వదులుకోలేదు, బూస్టర్ కూడా వేయించుకున్నాను, అక్క వేయించుకోలేదు. ఆయన కోపంగా మాట్లాడితే ఆ రోజుకు ఫోన్ పెట్టేసి, మరో వారం తర్వాత చేయండి. ఒకవేళ ఆయనకు నిద్ర లేకపోవడం, ఎవరినీ కలవకపోవడం, బతకాలని లేదనడం లాంటివి కనిపిస్తే ఈ పాత గొడవ పక్కన పెట్టి వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు తోడు వెళ్ళండి.

అక్క క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి, ఇప్పుడు ఆరుగురు పిల్లలు వస్తున్నారు. ఆదివారం ఫోన్ చేస్తే వెనక వాళ్ళ పాట వినిపిస్తుంది, అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడకుండా వింటాం.