దామన్‌జోడి చేరిన ఫ్రాంకు

ప్రశ్న: మా నాన్నగారు 1980లలో దామన్‌జోడిలో అల్యూమినా ఫ్యాక్టరీ కట్టేటప్పుడు అక్కడ పనిచేశారు. అప్పుడు వచ్చిన ఫ్రెంచి ఇంజనీరు ఒకాయన ఇచ్చిన నాణెం మా ఇంట్లో ఉంది. ఒక వైపు టోపీ పెట్టుకున్న ఆడమనిషి తల, రెండో వైపు 1 ఫ్రాంక్, 1948, ఒక చిన్న ‘బి’ అక్షరం. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. యూట్యూబులో ఇలాంటివాటికి లక్షలిస్తామంటున్నారు, మా అన్నయ్య టెన్షన్ పడిపోయి లాకర్లో పెట్టమంటున్నాడు. అంత విలువుందా? ఫ్రాన్సు లాంటి దేశం ఇంత తేలిక నాణెం ఎందుకు వేసింది?
- ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: లాకరు అద్దె దండగండీ. ఈ రకం కోట్ల సంఖ్యలో వేశారు, ఫ్రాన్సులో పాత సామాన్ల సంతల్లో గుప్పెళ్ళకొద్దీ దొరుకుతాయి. లక్షలిస్తామనేవాళ్ళు ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతారు, వాళ్ళ వ్యాపారం అదే. ఉంచుకోండి, చింతపండు పెట్టి మాత్రం తోమకండి.

బొమ్మలో ఉన్నది మరియాన్, ఫ్రెంచి రిపబ్లిక్‌కి గుర్తు. బొమ్మ చెక్కింది మొర్లోన్ అనే శిల్పి. ‘బి’ అంటే పారిస్‌లో కాకుండా బోమోన్-లె-రోజే టంకశాలలో వేసిందని. ఇదే నాణేన్ని 1931 నుంచి రాగి ఎక్కువ, అల్యూమినియం తక్కువ ఉన్న మిశ్రమంతో 4 గ్రాముల బరువుతో వేసేవారు. 1941లో సైజు అలాగే ఉంచి ఒట్టి అల్యూమినియానికి మార్చేసరికి 1.3 గ్రాములకి దిగింది. అప్పటికి దేశం జర్మనీ చేతికి చిక్కింది, రాగి, నికెల్ యుద్ధానికి పోతున్నాయి, అల్యూమినియం తీసే ఖనిజం బాక్సైట్ మాత్రం దక్షిణ ఫ్రాన్సులోనే ఉంది. (మీ దామన్‌జోడికి సాంకేతిక సహకారం ఇచ్చిన పెషినే కూడా ఆ దేశపు అల్యూమినియం కంపెనీయే, అందుకే మీ నాన్నగారికి ఫ్రెంచివాళ్ళు తగిలారు.)

అయితే లోహం కన్నా ఎక్కువగా తరిగిపోయింది దాని మీద రాసి ఉన్న విలువ. 1940లో ఓడిపోయాక ఆక్రమణ సైన్యం ఖర్చుల కింద జర్మనీ రోజుకి 40 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ డబ్బు చాలావరకు ఫ్రెంచి కేంద్ర బ్యాంకు ప్రభుత్వానికి ఇచ్చిన అప్పుల రూపంలో, అంటే కొత్త నోట్ల రూపంలో వచ్చింది, అంగళ్ళలో చూస్తే సరుకు లేదు. యుద్ధం ముగిసేనాటికి జనం దగ్గర నోట్లున్నాయి, కొనడానికేమీ లేదు. జనం దగ్గరున్న డబ్బులో కొంత వాడకుండా స్తంభింపజేయాలని, బెల్జియం అప్పటికే చేసినట్టు, మంత్రి మెండెస్ ఫ్రాన్స్ పట్టుబట్టారు. అన్ని కష్టాలు పడ్డ జనం దీన్ని తట్టుకోలేరని ఇంకో మంత్రి ప్లెవెన్ అన్నారు. అప్పటి ప్రభుత్వాధినేత ద గోల్ ప్లెవెన్ వైపు మొగ్గడంతో 1945 ఏప్రిల్‌లో మెండెస్ ఫ్రాన్స్ రాజీనామా చేశారు. ద గోల్ భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ రోజు తప్పించుకున్న బాధని తర్వాత ధరల రూపంలో నెల జీతాలవాళ్ళూ పెన్షనర్లూ మోశారని నా అభిప్రాయం.

1945 డిసెంబరులో డాలరుకి 119 ఫ్రాంకులు. 1947లో రొట్టె రేషను రోజుకి మనిషికి 200 గ్రాములకి పడిపోయింది, యుద్ధకాలంలో కూడా అంత తక్కువ లేదు. 1948 జనవరిలో డాలరు 214 ఫ్రాంకులైంది, ఆ నెలలోనే 5000 ఫ్రాంకుల నోట్లు రద్దు చేశారు (మనం 2016లో చూశాం కాబట్టి ఆ క్యూలు వేరే వర్ణించక్కర్లేదు). అప్పుడు మన దగ్గర డాలరు దాదాపు 3 రూపాయల 5 అణాలు. లెక్క వేస్తే రూపాయికి దాదాపు 65 ఫ్రాంకులు. పాత రూపాయికి 64 కాణీలు కదా, అంటే మీ నాణెం పుట్టిన సంవత్సరం మొదట్లో దాని అధికారిక విలువ మన చిల్లి కాణీ ఒక్కటి! ఆ చిల్లి కాణీకి మధ్యలో బెజ్జం పెట్టిందీ యుద్ధంలో రాగి ఆదా కోసమే. తర్వాత ఫ్రాంకు ఇంకా దిగింది, 1949 సెప్టెంబరుకి డాలరుకి 350.

ప్రశ్న: 1960లో ఫ్రాన్సు కొత్త ఫ్రాంకు తెచ్చింది కదా, అప్పుడు పాత అల్యూమినియం నాణేలు చెల్లకుండా పోయాయా?
- ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: లేదండీ. 1960 జనవరి 1 నుంచి పాత 100 ఫ్రాంకులు కలిపి కొత్త ఫ్రాంకు ఒకటి అన్నారు. పాత 1, 2 ఫ్రాంకుల నాణేలు 1, 2 సెంటీములుగా (సెంటీము అంటే కొత్త ఫ్రాంకులో నూరో వంతు) చెలామణీలోనే ఉండిపోయాయి, కొత్తగా 2 సెంటీముల నాణెం వేయనే లేదు. జనం మాత్రం, ముఖ్యంగా ఇళ్ళూ స్థలాల బేరాల్లో, దశాబ్దాల పాటు పాత ఫ్రాంకుల్లోనే మాట్లాడుకున్నారు, మన పెద్దవాళ్ళు పావలా, బేడా వదలనట్టే. ఇప్పుడు వాటిని మార్చుకుందామన్నా కుదరదు, ఫ్రాంకు నాణేలకి యూరోలు ఇచ్చే గడువు 2005 ఫిబ్రవరితో అయిపోయింది.