రాని కార్మికుడు ఉద్యోగం మానేసినట్టేనా?

ప్రశ్న: జీడిమెట్లలో మాకు చిన్న మెషీన్ షాప్ ఉంది. 22 మంది పనిచేస్తారు. తొమ్మిదేళ్లుగా ఉన్న లేత్ ఆపరేటర్ సంక్రాంతికి ఊరెళ్లి, చెప్పాపెట్టకుండా 20 రోజులు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. సెలవు పెట్టకుండా పది రోజులు రాకపోతే ఉద్యోగం వదులుకున్నట్టేనని అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంది. అందుకే పేరు కొట్టేశాం. తర్వాత వచ్చి గేటు దగ్గర గొడవ చేశాడు. లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు కార్మిక శాఖ నుంచి కన్సిలియేషన్‌కు (రాజీ చర్చలకు) రమ్మని నోటీసు వచ్చింది. అతనే మానేశాడు కదా, మాకెందుకీ టెన్షన్?

జవాబు: లెటర్‌లోని ఆ షరతు మీద ఆశ పెట్టుకోకండి. నేను యజమానుల తరఫున వాదించే లాయర్ని. కోర్టులో అన్నిటికంటే ముందు వీగిపోయే వాదన ఇదే. 1993లో డి.కె. యాదవ్ కేసులో యాజమాన్యానికి మీకంటే బలమైన ఆధారం ఉంది. ఎనిమిది రోజులు రాకపోతే ఉద్యోగం పోయినట్టేనని ఏకంగా స్టాండింగ్ ఆర్డర్స్‌లోనే, అంటే చట్టప్రకారం ఆమోదం పొందిన ఫ్యాక్టరీ సర్వీసు నిబంధనల్లోనే, రాసి ఉంది. అక్కడి కార్మికుడు కూడా తాను వస్తే గేటు దగ్గర ఆపేశారనే అన్నాడు. సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా పేరు తీసెయ్యడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. పాత జీతం, అంటే పనిలో లేని కాలానికి రావాల్సిన జీతం, సగం ఇచ్చి అతన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది.

మీ కేసులో నన్ను భయపెట్టేదీ ఆ గేటే. ఉద్యోగం వద్దనుకున్నవాడు గేటు దగ్గరకొచ్చి గొడవెందుకు చేస్తాడని జడ్జిగారు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ఈ వారమే స్పీడ్ పోస్ట్‌లో ఒక ఉత్తరం పంపండి. ఫలానా తేదీన డ్యూటీకి రమ్మని, 20 రోజుల గైర్హాజరుకు సంజాయిషీ ఇవ్వమని, దానిపై చర్య తీసుకునే హక్కు మీకుందని రాయండి. ఊరి అడ్రసుకూ ఇక్కడి అడ్రసుకూ పంపి, వాట్సాప్‌లోనూ పెట్టి, కాపీ కన్సిలియేషన్ అధికారికి ఇవ్వండి. వస్తే పాత జీతం బాకీ పెరగడం ఆగుతుంది. రాకపోతే, అతనే మానేశాడనడానికి మీ చేతిలో మొదటిసారి ఒక కాగితం ఉంటుంది.

పిలిస్తే మిగతావాళ్ల ముందు పరువు పోతుందంటారేమో. అతని జీతం నెలకు 18,000 అనుకుందాం. కేసు మూడేళ్లు నడిచి మీరు ఓడితే, ఒక్కరోజు పని లేకుండా 6,48,000 కట్టాల్సి రావచ్చు. అక్రమంగా తీసేస్తే పాత జీతంతో ఉద్యోగం ఇవ్వడమే మామూలు పద్ధతని 2013లో దీపాలీ గుండు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వేరేచోట సంపాదించడం లేదని అతను అంటే చాలు, సంపాదిస్తున్నాడని రుజువు చేసే భారం మీ మీదే పడుతుంది.

వచ్చాక ఛార్జ్‌షీట్ ఇచ్చి విచారణ జరపండి. అతని మీద ఫిర్యాదు చేసిన సూపర్‌వైజర్నే విచారణాధికారిగా పెట్టొద్దు. తొమ్మిదేళ్ల సర్వీసుకు 20 రోజుల గైర్హాజరు మీద డిస్మిస్ అంటే శిక్ష ఎక్కువైందని కోర్టు తగ్గించే అవకాశమే ఎక్కువ. ఇంక్రిమెంట్ ఆపితే నిలబడుతుంది. ఆ రోజుల్లో అతను ఈఎస్ఐ డాక్టర్ దగ్గర సిక్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే మాత్రం, ఏ చర్యా తీసుకోకముందే లాయర్‌కి చూపించండి.

ఇప్పుడు కూర్చుని పాత తేదీలతో మెమోలు తయారుచెయ్యకండి. పోస్టల్ రసీదు ఏదని అడిగితే అక్కడితో అయిపోతుంది. పీఎఫ్ పోర్టల్‌లో ఎగ్జిట్ తేదీ ఏం వేశారో, కారణం ఏం పెట్టారో కూడా చూసుకోండి. వాళ్ల లాయర్ మొదట అడిగేది అదే.

300 మంది లోపైతే ఎవర్నైనా తీసెయ్యవచ్చని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ అంకె నిజమే. కానీ అది మందిని తగ్గించడానికో, ఫ్యాక్టరీ మూయడానికో ప్రభుత్వం దగ్గర ముందస్తు అనుమతి ఎవరు తీసుకోవాలన్న లెక్క. పాత చట్టంలో అది 100. విచారణతో దానికి సంబంధం లేదు.

ఇద్దరికీ కుదరదనిపిస్తే రాజీ మంచిదే. అయితే గ్రాట్యుటీని రాజీ సొమ్ములో కలపకండి. బేసిక్, డీఏ కలిపి 18,000 అయితే తొమ్మిదేళ్లకు సుమారు 93,461 వస్తుంది. అది ఎలాగూ అతనిదే.

కన్సిలియేషన్‌లో లాయర్లకు ప్రవేశం లేదు. సూపర్‌వైజర్ని పంపకుండా, మస్టర్ (హాజరు పట్టిక), వేతన రిజిస్టర్ పట్టుకుని మీరే వెళ్లండి. డ్యూటీకి పిలిచిన సంగతి ఆ రోజు రికార్డులో రాయించి, సంతకం చేసి రండి.