ఆగడం రాయలేదు నువ్వు

చిరంజీవికి,

ఆశీస్సులు. కణ విభజన, క్యాన్సర్ గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటిసారి మూడో పేరా దగ్గరే పక్కన పడేశాను. "క్యాన్సర్ కణాలు మెరుపువేగంతో విభజన చెందుతూ శరీరంపై దండయాత్ర చేస్తాయి" అన్నావు చూడు, అక్కడ. మర్నాడు మళ్లీ తీసి చివరిదాకా చదివాను కాబట్టి ఈ ఉత్తరం. నీకు వాక్యం పడుతుంది, ఆ సంగతి నీకూ తెలుసు, ఇక దాని గురించి చెప్పను.

మెరుపువేగం అని ఎవరు చెప్పారమ్మాయ్? పేగుల లోపలి పొరలో కణాలు, ఎముక మూలుగలో రక్తాన్ని తయారుచేసే కణాలు చాలా గడ్డల్లోని కణాల కంటే జోరుగా విడిపోతుంటాయి. వాటినెవరూ క్యాన్సర్ అనరు. ఎక్కడ ఆగాలో వాటికి తెలుసు. గడ్డలో కణం నింపాదిగానే నడవొచ్చు, కానీ ఆగాల్సిన చోట ఆగదు. నువ్వు ఎనిమిది పేజీలూ పరుగు గురించే రాశావు. ఆగడం గురించి ఒక్క వాక్యం లేదు.

కణం పెరిగి రెండుగా విడిపోయే వరుసని, అంటే కణచక్రాన్ని, నడిపే జన్యువుల మీద హార్ట్‌వెల్ చేసిన పనిని ఎలా తేల్చేశావో చూసుకో: "కణచక్ర నియంత్రణ జన్యువుల ఆవిష్కరణ జరిగింది." జరిగిందట! వాన పడింది అన్నట్టు. ఎవరు ఏం చేశారు, కంటికి ఏం కనబడింది?

1970 ప్రాంతంలో సియాటిల్‌లో లీలాండ్ హార్ట్‌వెల్ రొట్టెల్లో వేసే ఈస్ట్ పెట్టుకుని కూర్చున్నాడు. ఈస్ట్ కణానికి పక్కన చిన్న మొగ్గ వస్తుంది. అది పెరిగి, చివరికి తల్లి నుంచి విడిపోతుంది. అంటే మొగ్గ ఎంత ఉందో చూస్తే చాలు, కణం ఏ దశలో ఉందో తెలిసిపోతుంది. ఆయన దగ్గర జన్యువు చెడిన రకాలున్నాయి. 23 డిగ్రీల దగ్గర మామూలుగానే పెరుగుతాయి, 36కి మారిస్తే నిలిచిపోతాయి. ఫొటోలు తీసి చూస్తే ఒక రకంలో ప్రతి కణమూ పెద్ద మొగ్గతోనే ఆగి ఉంది. ఇంకో రకంలో ఒక్కదానికీ మొగ్గ లేదు. వేడి పెంచినప్పుడు ఎవరు ఎక్కడున్నా, ఆగింది మాత్రం అందరూ ఒక్కచోటే. ఆ జన్యువుతో పని పడేది సరిగ్గా అక్కడేనని అలా తెలిసింది. అలాంటి జన్యువులు వందకు పైగా పట్టాడు. ఇంత ఉంటే నువ్వు "ఆవిష్కరణ జరిగింది" అని దాటేశావు.

1970లోనే పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ మనిషి కణాలను రెండేసి కలిపి అతికించారు. డీఎన్ఏని కాపీ చేసుకుంటున్న కణం పక్కన ఇంకా మొదలుపెట్టని దాన్ని చేరిస్తే అదీ ముందుగానే మొదలుపెట్టింది. కాపీ ముగించినదాన్ని చేరిస్తే అది మాత్రం మళ్లీ చెయ్యలేదు. వీళ్ల ఊసే లేదు నీ వ్యాసంలో. ఆ ఇంటిపేరు చూసైనా ఆగాల్సింది.

ఈస్ట్ విషయంలో నాకింత పట్టుదల ఎందుకంటే, దాని వల్ల ఒక గాయం ఉంది. 2001లో హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్ ముగ్గురికీ నోబెల్ వచ్చినప్పుడు ఒక వారపత్రికకి రాశాను. మూడు రాత్రులు పట్టింది. ఎడిటర్ గారు ఈస్ట్ పేరాలన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టి, "పాఠకుడికి పిండి పులిసే సంగతెందుకండీ, మందు వచ్చిందా లేదా చెప్పండి" అన్నారు. ఈ పని మీద ఆధారపడిన మందు అప్పటికి చేతికి రాలేదు. ఆ మాటే రాసిచ్చాను. అచ్చయ్యాక చూస్తే ఆ వాక్యం లేదు, పైన "త్వరలో క్యాన్సర్‌కు చెక్" అని హెడ్డింగ్ ఉంది, కింద నా పేరుంది. నెలల తరబడి ఉత్తరాలొచ్చాయి, మందు ఎక్కడ దొరుకుతుందని. ఒకాయన తన భార్య రిపోర్టులు జిరాక్స్ తీయించి, జవాబు కోసం స్టాంపు అంటించిన కవరు కూడా లోపల పెట్టి పంపాడు. ఆ కవరు ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పటి ఎడిటర్లు గీతలు కొట్టరు, "మీకు తెలుసా?" అని బాక్సులు కట్టమంటారు. నీ వ్యాసంలో ఎవరూ అడక్కుండానే రెండున్నాయి. పీకెయ్.

ఒక కణం రెండు సమానమైన కణాలుగా విడిపోవడాన్ని సమవిభజన అనాలా, మైటోసిస్ అనాలా అని అడిగావు. ఏదో ఒకటి అను, చివరిదాకా అదే అను. కానీ చెక్‌పాయింట్‌ని "తనిఖీ కేంద్రం" చెయ్యకు. అక్కడ కేంద్రమూ లేదు, గేటూ లేదు, టోపీ పెట్టుకున్న మనిషీ లేడు. ముందు పని అయిందా లేదా అని కణం చూసుకోవడం, కాకపోతే నిలబడటం, అంతే. నామవాచకం చేశావంటే చచ్చిపోతుంది.

ర్యాడ్9 కథ తెలుసా నీకు? తెలిస్తే వదిలిపెట్టి ఉండవు. ఎక్స్‌రేలు తగిలి డీఎన్ఏ తెగితే మామూలు ఈస్ట్ విడిపోకుండా ఆగి, అతుకు వేసుకుని, అప్పుడు కదులుతుంది. ర్యాడ్9 అనే జన్యువు చెడిన ఈస్ట్ ఆగదు. తెగిన క్రోమోజోములతోనే విడిపోయి చస్తుంది. దానికి అతుకు వేసుకోవడం చేతకాదేమో అనుకుంటాం కదా? 1988లో టెడ్ వైనర్ట్, హార్ట్‌వెల్ ఏం చేశారంటే, కిరణాలు తగిలిన ఆ ఈస్ట్‌ని ఒక మందు వేసి బలవంతాన కొన్ని గంటలు ఆపి ఉంచారు. తర్వాత వదిలారు. చచ్చిపోవాల్సినవి చాలావరకు బతికాయి! పనిముట్లన్నీ వాటి దగ్గరే ఉన్నాయి. లేనిది వ్యవధి. ఇది మొదటిసారి చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. తప్పు దిద్దుకోకుండా విడిపోతే ఆ తప్పు పిల్ల కణానికి, దాని పిల్లకి పోతుంది, దాని మీద ఇంకో తప్పు చేరుతుంది. నీ "దండయాత్ర" అనే మాటలో ఇది ఎక్కడ పడుతుంది, చెప్పు?

డీఎన్ఏ చెడితే కణాన్ని ఆపే పి53 అనే ప్రోటీన్‌ని "జన్యువుల కాపలాదారు" అని పొగిడావు. ఆ బిరుదు శాస్త్రవేత్త డేవిడ్ లేన్ 1992లో ఇచ్చింది. 1979లో దొరికిన దాన్ని పదేళ్లపాటు క్యాన్సర్ తెచ్చే దొంగ అనుకున్నారు, ప్రయోగాల్లో వాడుతున్నది చెడిపోయిన నకలు కావడంతో. కాపలాదారుని దొంగ అనుకున్న ఆ పదేళ్లు వదిలేసి బిరుదు ఒక్కటే ఎత్తుకున్నావు. హంట్ పేరా మాత్రం ముట్టుకోకు. సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి గుడ్లు విడిపోయే ముందు, ప్రోటీన్లను గీతలుగా విడదీసి చూపే జెల్ మీద ఒక్క గీత మాయమవడం, ఆయన దాన్ని నమ్మలేకపోవడం, అది నువ్వు చూసి రాశావు.

ఇక చివరి పేజీ. "ఇది వ్యక్తిగతం, అవసరం లేకపోతే తొలగించగలరు" అని బ్రాకెట్లో పెట్టిన నాలుగు వాక్యాలు. అమ్మ పాల్బోసిక్లిబ్ అనే రొమ్ము క్యాన్సర్ మాత్ర వేసుకుంటుందనీ, 21 రోజులు మాత్ర, 7 రోజులు ఖాళీ అనీ, ఆ ఏడు రోజులకీ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్నాలు చుడుతుందనీ రాశావు. ఒక నెల తెల్లకణాలు తగ్గి, "ఇంకో వారం ఆగుదాం" అని డాక్టర్ అంటే ఆవిడ ఎనిమిదో సున్నా చుట్టిందనీ.

అమ్మాయ్, నీ వ్యాసం మొత్తం ఆ ఎనిమిదో సున్నాలో ఉంది. 2015లో అమెరికాలో అనుమతి వచ్చిన ఆ మాత్ర కణాన్ని ఆపుతుంది. డీఎన్ఏ కాపీ మొదలుపెట్టబోయే ముందు కణాన్ని ముందుకు తోసే సీడీకే4, సీడీకే6 అనే ఎంజైముల చేతులు పట్టుకుంటుంది. కాకపోతే గడ్డలో కణమేదో, మూలుగలో కణమేదో దానికి తెలియదు, అక్కడా ఆపేస్తుంది. అందుకే తెల్లకణాలు తగ్గుతాయి. మాత్ర మానేస్తే మూలుగ మళ్లీ నడక మొదలుపెడుతుంది, అందుకే ఆ ఏడు ఖాళీలు. హార్ట్‌వెల్ ఫొటోల్లో ఆగిన ఈస్టూ, మీ ఇంటి గోడ మీద సున్నాలూ ఒకే సంగతి, నువ్వే మధ్యలో ఎనిమిది పేజీలు అడ్డం పెట్టావు.

ఎక్కడికి పంపాలి, ఎంత ఇస్తారు, పుస్తకం చెయ్యొచ్చా అని అడిగినవన్నీ తర్వాత. క్యాలెండర్ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఇంకొకటి, ఎనిమిదో సున్నా చుట్టిన ఆ వారం అమ్మ ఏం చేసింది? అది రాయలేదేం?

ఉంటాను.