రైలు బదులు వేసిన బస్సు డ్రైవర్ మధ్యలో స్టాపుల్లో దించాలా, వద్దా?

దించాలి. అడిగింది మామూలు బస్‌స్టాపు అయితే, వెనక బండ్లకు అడ్డం కాకపోతే, దించాల్సిందే. "స్టేషన్ల దగ్గరే ఆపాలన్న తన రూల్ డ్రైవర్ పాటించాడు, అందులో తప్పేముంది?" అని మీరు అడగొచ్చు. బహుశా మీరెప్పుడూ రాత్రి పదకొండింటికి సూట్‌కేస్ ఈడ్చుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచి ఉండరు.

నేను నడిచాను. మా లైన్‌లో పట్టాల పని జరిగినన్నాళ్లూ రైలు స్థానంలో బస్సు వేశారు. రైలైతే రెండు స్టేషన్ల మధ్య దిగుతామని ఎవరూ అడగరు. బస్సు అలా కాదు కదా, వీధుల్లోంచి చుట్టూ తిరిగి పోతుంది, అదీ సరిగ్గా మా సందు మొదట్లోంచే. ఆ రాత్రి వాన. సిగ్నల్ పడి బస్సు ఆగింది. అద్దం చేత్తో తుడిచి చూస్తే మా వంటగదిలో లైటు కనిపిస్తోంది. ముందుకెళ్లి "ఇక్కడ దిగిపోతానండీ" అన్నాను. ఆయన నావైపు చూడను కూడా లేదు, స్టీరింగ్ పక్కన క్లిప్పుకి పెట్టిన కాగితం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. దాని మీద నాలుగు స్టేషన్ల పేర్లున్నాయి, అంతే. సిగ్నల్ దగ్గర తలుపు తీయకూడదు, పక్కనుంచి ఏ బైకో దూసుకొస్తే ప్రమాదం, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ సిగ్నల్ దాటిన వెంటనే సిటీ బస్సులు ఆగే స్టాపు ఉంది, షెల్టరుతో సహా! దాన్ని కూడా దాటించేశాడు. తర్వాతి స్టేషన్లో దిగి ఇరవై అయిదు నిమిషాలు తడుస్తూ నడిచి మళ్లీ అదే సిగ్నల్ దగ్గరికి వచ్చాను. అక్కడ రోడ్డు దాటడానికి మళ్లీ ఎర్ర లైటు.

రెండ్రోజుల తర్వాత వేరే డ్రైవర్ వచ్చాడు. ఎక్కేటప్పుడే ఎవరెక్కడ దిగుతారో అడిగి, దారిలో మూడు చోట్ల ఆపి సగం బస్సు దించేశాడు. ఫోన్లో టైమ్ చూశాను, స్టేషన్‌కి నాలుగు నిమిషాలు ఆలస్యం, అంతకంటే ఏమీ లేదు. ఒకావిడ మాత్రం అక్కడ అందుకోవాల్సిన రైలు తప్పిపోయిందని గట్టిగా అరిచింది. పాపం నిజమే, కానీ ఆ తప్పు బస్సుదా? ఈ బస్సు మీద ఆధారపడిన రైలు నాలుగు నిమిషాలు ఆగలేకపోయిందా? అసలు ఈ రైళ్లకీ బస్సులకీ టైమ్‌టేబుల్ వేసేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరని నా గట్టి నమ్మకం.

డ్రైవర్ల బాధ కూడా తెలియక కాదు. ఇలాంటి పనికి ఎక్కడెక్కడి నుంచో తెస్తారు. జర్మనీలో 2024లో ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ మధ్య లైన్ అయిదు నెలలు మూసినప్పుడు దాదాపు 150 బస్సులు, 400 మంది డ్రైవర్లు కావాల్సి వచ్చింది. అంతమందికీ ఆ రోడ్లన్నీ ఎక్కడ తెలుస్తాయి? పైగా చాలాసార్లు వచ్చేది టూరిస్టు కోచ్. ఒకే తలుపు, నిటారు మెట్లు, సామాను కిందనున్న డిక్కీలో. ఒక్కడు దిగితే డ్రైవర్ కూడా దిగి, పదిహేను పెట్టెల్లో వాడి పెట్టె వెతకాలి. (వీల్‌చైర్ వాళ్లు ఆ మెట్లు ఎలా ఎక్కుతారని నేనొకసారి స్టేషన్లో అడిగాను. బుక్ చేసుకోవాలన్నారు. ఎక్కడ అంటే ఆప్‌లో అన్నారు. ఆప్‌లో ఆ బస్సే కనిపించదు.) ఆపకూడని చోట ఆపితే ఉద్యోగం మీదికొస్తుందని భయం సరేసరి. అందుకే ఆ మొదటి డ్రైవర్ మీద నాకిప్పుడు పెద్ద కోపం లేదు, ఆ రాత్రి మాత్రం బాగానే తిట్టుకున్నాను.

నా కోపమంతా ఆ కాగితం తయారుచేసినవాళ్ల మీద. బస్సు ఏ దారిన పోతుందో వాళ్లకి ముందే తెలుసు, ఆ దారిలో ఏ స్టాపులున్నాయో తెలుసు. "చేతి సామానే ఉండి, ఎవరైనా అడిగితే ఈ మూడు చోట్ల ఆపవచ్చు" అని ఒక్క లైను రాస్తే డ్రైవర్‌కి టెన్షన్ లేదు, నాకు నడక లేదు. చోటు చాలలేదని మాత్రం అనొద్దు. సిగ్నల్ దగ్గర నిలబడ్డంతసేపూ ఆ కాగితమే చూశాను, నాలుగు పేర్ల కింద ముప్పావు వంతు ఖాళీగానే ఉంది.