‘సెపరేట్’ స్పెల్లింగ్‌లో ‘పీ’ తర్వాత రాయాల్సింది ‘ఏ’నా, ‘ఈ’నా?

బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని, ‘సెపరేట్’ రాసేటప్పుడు మధ్యలో ‘ఏ’ పెట్టాలో ‘ఈ’ పెట్టాలో ప్రతిసారీ తడబడుతున్నానని రాశారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే గుర్తుంటుందా అని కూడా అడిగారు. ఉంటుంది. నాకు అలాగే గుర్తుండిపోయింది.

ముందు జవాబు చెప్పేస్తాను: ఎస్, ఈ, పీ, ఏ, ఆర్, ఏ, టీ, ఈ. మధ్యలో రెండు ‘ఏ’లు, వాటికి అటొకటి ఇటొకటి ‘ఈ’.

నేను విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పదకొండేళ్లు పనిచేశాను. చేరిన మొదటి ఏడాదే మద్దిలపాలెం వైపు కొత్తగా పెట్టిన లేడీస్ హాస్టల్ పాంప్లెట్ నా చేతికి వచ్చింది. ‘సెపరేట్ బాత్రూమ్స్’ అని పెద్దక్షరాల్లో వేయాలి. పీ తర్వాత ఈ కొట్టాను. డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో తప్పు కింద ఎర్రగీత వచ్చేది కాదు. హాస్టల్ ఆవిడ ప్రూఫ్ చూశారు, ఆవిడా గమనించలేదు. వెయ్యి కాపీలు ప్రింటయ్యాక వాళ్లమ్మాయి చూసి చెప్పింది. మా ఓనరు పాంప్లెట్ నా ముందు పెట్టి, “ఏటిది బాబూ, ఒక్కసారి డిక్షనరీ సూసుకోవద్దా?” అన్నారు. మళ్లీ ప్రింటు చేయించిన ఖర్చు ఆయనే భరించారు, నా జీతంలో పట్టుకోలేదు. అందుకే ఇంకా ఎక్కువ బాధపడ్డాను. ఆ రాత్రి కంచరపాలెం బస్సులో కూర్చుని ఆ స్పెల్లింగే మనసులో చదువుకుంటూ ఇంటికి వెళ్లాను.

తర్వాత నాకు నేనే ఒక చిట్కా కనిపెట్టుకున్నాను. తెలుగులో ఈ మాటను సె-ప-రే-ట్ అని రాస్తాం. ‘పె’ కాదు, ‘ప’. ఆ అకారాన్నే ఇంగ్లీషులో ఏగా పెట్టేస్తే సరి. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక ఉత్తరంలో ‘డెస్పరేట్’ అనే మాట వచ్చింది. దాన్నీ మనం ‘ప’తోనే రాస్తాం కదా అని ఏ పెట్టాను. అక్కడ కావాల్సింది ఈ. ‘ఆపరేట్’లో కూడా అంతే, తెలుగులో ప, ఇంగ్లీషులో ఈ. చెవిని నమ్ముకుంటే ఈ మూడూ ఒకేలా వినిపిస్తాయి. ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్లూ ఇక్కడే పొరబడతారు. వాళ్లు ఆ మధ్య అచ్చును సగం మింగేసి పలుకుతారు కాబట్టి అది ఏనో ఈనో వాళ్ల చెవికీ తెలియదు.

ఆ ఉత్తరం టైపు చేయించుకుంటున్నది ఒక రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు గారు. తప్పు దిద్ది ఊరుకోలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, కాగితం వెనక్కి తిప్పి లాటిన్ మాటలు రాశారు. ‘సే’ అంటే విడిగా, పక్కకి. ‘పరారే’ అంటే సిద్ధం చేయడం, అమర్చడం. రెండూ కలిసి ‘సేపరారే’, అంటే విడిగా అమర్చడం. అది 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ ‘పరారే’లోని పరే మన ‘పీ, ఏ, ఆర్’. ముందుగా సిద్ధం చేయడం ‘ప్రిపేర్’, మళ్లీ సిద్ధం చేయడం ‘రిపేర్’, సిద్ధంగా అమర్చిపెట్టిన సామగ్రి ‘అపరేటస్’. అన్నిటిలోనూ పీ తర్వాత ఏనే. మీరు పరీక్షలో ‘ప్రిపరేషన్’ రాయాల్సి వస్తే దానికీ ఇదే ఆధారం.

‘డెస్పరేట్’ పుట్టుక వేరు. లాటిన్‌లో ‘స్పేరారే’ అంటే ఆశించడం, ముందు ‘డే’ చేరితే ఆశ వదులుకోవడం. ‘ఆపరేట్’ వచ్చింది పని అనే అర్థమున్న ‘ఓపెరా’ నుంచి. రెండింటికీ మూలంలోనే ఈ ఉంది. ‘సెపరేట్’లో ‘ఏ ర్యాట్’ ఉందని, అంటే ఎలుక ఉందని గుర్తుపెట్టుకోమని కొందరు నేర్పుతారు. తప్పేం లేదు, కానీ ఆ ఎలుక ఒక్క మాటకే పనికొస్తుంది. నన్నడిగితే మూలం నేర్చుకోవడమే మేలు.

ముందున్న ‘సే’ కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. చింత లేకుండా ఉండటం ‘సెక్యూర్’, ఎందుకంటే ‘కూరా’ అంటే చింత. మంద నుంచి విడదీయడం ‘సెగ్రిగేట్’. తడి చెత్త, పొడి చెత్త విడదీసి ఇవ్వమని చెత్తబండి దగ్గర చెబుతారు చూడండి, అదే మాట.

ఇక అర్థం దగ్గరికి వస్తే, మనకు చిక్కు ‘వేరు’ అనే తెలుగు మాటతో వస్తుంది. మన ‘వేరు’ ఇంగ్లీషులో ‘సెపరేట్’ కావచ్చు, ‘డిఫరెంట్’ కూడా కావచ్చు. ‘సెపరేట్’ అంటే విడిగా ఉన్నది, కలవనిది. ‘డిఫరెంట్’ అంటే ఒకేలా లేనిది. ఒకే కొలతతో, ఒకే రంగుతో కట్టిన రెండు గదులు సెపరేట్ గదులే, కానీ డిఫరెంట్ అనడానికి వాటిలో తేడా ఏమీ లేదు. హోటల్లో నలుగురూ ఇడ్లీలే తిని “సపరేట్ బిల్లు ఇవ్వండి” అంటే ఎవరి బిల్లు వారికి అని. ఇంగ్లీషులో రాసేముందు ‘విడి’ అనే మాట అక్కడ పెట్టి చూడండి. సరిపోతే ‘సెపరేట్’ రాయండి. ‘విడి గది’కీ ‘వేరే గది’కీ తేడా మీకే తెలుస్తుంది.

బ్యాంకు పరీక్షలంటున్నారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. లాటిన్ ‘సేపరారే’ ఫ్రెంచి నోట్లో నలిగి ‘సెవ్రే’ అయింది. పకారం వకారమైంది. వారు, పోరు కలిసి ‘వారు వోరు’ అవుతుందని గసడదవాదేశ సంధిలో మనం చదువుకున్నామే, అలాంటి మార్పే. ఆ దారిలోనే తెంచడం అనే అర్థంతో ‘సెవర్’ ఇంగ్లీషులోకి వచ్చింది. ‘సెవరల్’ కూడా ఈ కుటుంబానిదే. ఇప్పుడు దాన్ని ‘చాలా’, ‘పలు’ అనే అర్థంలో వాడుతున్నాం గానీ, మొదట్లో దాని అర్థం ‘విడివిడిగా’ అనే.

ఇది నాకు కాగితం మీద ఎదురైంది. మా తమ్ముడి లోనుకు హామీ సంతకం పెట్టడానికి గాజువాకలో ఒక బ్యాంకుకు వెళ్లాను. ఫారంలో ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అని ఉంది. ‘సెవరల్’ అంటే పలువురం కదా, బాకీ తలా కొంత కడతామని కాబోలు అనుకున్నాను. అంతలో మాస్టారు చెప్పింది గుర్తొచ్చి ఆఫీసరుని అడిగాను. తెలుగు ప్రామిసరీ నోట్లలో ‘ఉమ్మడిగాను, విడివిడిగాను’ అని రాసేది ఇదేనని ఆయన చెప్పారు. అంటే మొత్తం బాకీని మాలో ఏ ఒక్కరి దగ్గరైనా వసూలు చేయవచ్చు. తమ్ముడు కట్టకపోతే నేను సగం కాదు, మొత్తం కట్టాలి. అది తెలిసే సంతకం పెట్టాను. మీకు ఉద్యోగం వచ్చాక ఆ బల్లకు అవతల కూర్చునేది మీరే. సంతకం పెట్టేవాళ్లకు ఆ రెండు మాటలూ తెలుగులో చెప్పండి.

ఇంటర్వ్యూ కోసం పలకడం కూడా: విశేషణంగా వాడినప్పుడు చివర తేలికగా ‘సెప్రట్’ అంటారు, విడదీయడం అనే క్రియగా అయితే ‘సెపరేట్’ అని ‘రే’ సాగుతుంది. స్పెల్లింగ్ మాత్రం రెండింటికీ ఒకటే.