జింకల ఫుడ్ ప్లాట్: విత్తనం సంచి కొనే ముందు చేయాల్సిన పనులు

చి. రవికి,

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని రోలా దగ్గర కొన్న 40 ఎకరాల్లో ఈ ఏడాది వేటకు ఫుడ్ ప్లాట్, అంటే జింకలను రప్పించే మేత చెక్క, వేస్తున్నానని, ఏ కంపెనీ విత్తనం మంచిదని అడిగావు. అది చివర చూసుకోవాల్సిన సంగతి, నాన్నా. సంచి మీద ఎంత పెద్ద కొమ్ముల జింక బొమ్మ వేసినా, ఆమ్లగుణం ఎక్కువున్న పుల్ల నేలలో ఆ విత్తనం ఎదగదు. ముందు నేల, తర్వాత చోటు, ఆ తర్వాత నువ్వు ఆ చోటికి వెళ్ళి వచ్చే దారి. ఈ మూడూ కుదిరితే ఊళ్ళోని ఫీడ్ స్టోరులో దొరికే మామూలు గోధుమ, క్లోవర్ (పప్పుజాతి మేత మొక్క), టర్నిప్ (దుంప ఊరే ఆవజాతి మొక్క) గింజలే చాలు. ఇప్పుడు జూన్ మొదలే కాబట్టి అన్నిటికీ టైముంది. ఆలస్యం చేస్తే మాత్రం ఒక్కో పనీ దాని తర్వాతి పనిని వెనక్కి నెడుతుంది.

ఈ వారంలోనే మట్టి పరీక్షకు పంపు. ప్లాట్ అనుకున్న జాగాలో పది పదిహేను చోట్ల 6 అంగుళాల లోతు వరకు మట్టి తీసి, ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, రాళ్ళూ గడ్డి వేళ్ళూ ఏరేసి, నీడన ఆరబెట్టి, రెండు కప్పుల మట్టి ఇస్తే సరిపోతుంది. రేకు బకెట్ వాడొద్దు, దాని పూత వల్ల మట్టిలోని జింక్ ధాతువు లెక్క తప్పుతుంది. మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో ఇస్తే యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరి ల్యాబ్‌కు వాళ్ళే పంపిస్తారు. ఫారంలో పంట పేరు దగ్గర క్లోవర్ అని రాయడం మరిచిపోకు, సిఫారసులన్నీ పంటను బట్టే వస్తాయి.

ఓక్ చెట్ల కింద నుంచి బయటపడిన నేల అక్కడ పీహెచ్ (నేల పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 చుట్టుపక్కల ఉండడం మామూలే. క్లోవర్‌కు 6.5 కావాలి, కనీసం 6 ఉండాలి. అంతకంటే తక్కువుంటే నువ్వు చల్లిన భాస్వరాన్ని మట్టిలోని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. క్లోవర్ వేళ్ళకు నత్రజనిని పట్టే బుడిపెలు కట్టవు. మొక్క మొలిచి, రెండు ఆకులు వేసి, పసుపు తిరిగి అక్కడే ఆగిపోతుంది. చాలామంది విత్తనం మంచిది కాదని వచ్చే ఏడు ఇంకో సంచి కొంటారు. అసలు కావాల్సింది సున్నం.

సున్నం లెక్క నీకు కొత్తగా ఉండొచ్చు. మిస్సోరిలో రిపోర్టు టన్నుల్లో రాదు, సున్నానికి నేల పులుపు విరిచే శక్తి కొలత ఒకటుంది, ఆ లెక్కన ఎకరాకు ఇంత ఈఎన్‌ఎమ్ కావాలని వస్తుంది. క్వారీవాళ్ళను వాళ్ళ సున్నపురాయి పొడిలో టన్నుకు ఎంత ఈఎన్‌ఎమ్ ఉందో అడుగు. రిపోర్టు అంకెను దానితో భాగించు. రిపోర్టులో 800 ఉండి, పొడిలో టన్నుకు 400 ఉంటే ఎకరాకు 2 టన్నులు. నీది 50 సెంట్ల ప్లాటు అనుకుంటే 1 టన్ను, అంటే 40 పౌండ్ల గుళికల సున్నం బస్తాలు 50. లారీ పోయే దారి ఉంటే పొడే తోలించుకో, చాలా చవక. అడవి లోపలి జాగాకు లారీ పోదు కాబట్టి అక్కడికి బస్తాలు మోయక తప్పదు. సున్నం పనిచేయడానికి నెలలు పడుతుంది, మట్టిలో కలియదున్నితేనే బాగా పనిచేస్తుంది. అందుకే పీహెచ్ 5.5 కంటే తక్కువ వస్తే ఈ ఏడాది క్లోవర్ జోలికి పోకు. పుల్ల నేలను ఓర్చుకునే రై, ఓట్స్, గోధుమ వేసి, క్లోవర్‌ను ఫిబ్రవరికి వాయిదా వెయ్యి.

ఇక చోటు. మొదటి ఏడాది 50 సెంట్లు మించకు. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ పడాలి. రోడ్డుకు కనబడకూడదు. చుట్టూ అడవి అంచు ఉండి, పొడవుగా సన్నగా వంపు తిరిగిన చెక్కైతే పగటిపూట కూడా జింక బయటికి రావడానికి జంకదు. విశాలమైన చతురస్రం మధ్యకు అది చీకటి పడ్డాకే వస్తుంది. పెద్ద చెట్ల మొదళ్ళకు ఆనుకుని వేయకు, వేళ్ళు తేమంతా లాగేస్తాయి. వాలు ఎక్కువున్న చోట దున్నితే మొదటి పెద్ద వానకే నీ సున్నం, ఎరువు వాగులో కలుస్తాయి.

మీ పచ్చిక బయలంతా ఫెస్క్యూ గడ్డే అని రాశావు. జింకలు దాన్ని ఇష్టపడవు, అది ఇంకోదాన్ని ఎదగనివ్వదు. దున్నినంత మాత్రాన చావదు, తిరిగి చిగురుస్తుంది. జూన్ చివర్లో కోసి వదిలెయ్యి. వాన పడి 6 నుంచి 8 అంగుళాల పచ్చి చిగురు వచ్చాక 41 శాతం గ్లైఫోసేట్ అనే కలుపుమందు ఎకరాకు 2 క్వార్టుల (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) లెక్కన, అంటే నీ 50 సెంట్లకు 1 క్వార్టు, లేబుల్ చూసుకుంటూ కొట్టు. ఎండకు వాడి కదలకుండా ఉన్న గడ్డి మందు పీల్చదు, దాని మీద కొడితే డబ్బు దండగ. మందు కలిపేది మంచి నీళ్ళే కావాలి, చెరువులోని బురద నీళ్ళలో గ్లైఫోసేట్ మట్టికి అంటుకుని పనిచేయకుండా పోతుంది. రెండు వారాలు ఆగి డిస్క్ (మట్టిని కోసే పళ్ళేల పరికరం) తోలించు. ట్రాక్టర్ కొనకు, పక్క రైతు గంట లెక్కన వస్తాడు.

విత్తనం పోయిన చోట్ల ఎక్కువభాగం లోతు వల్లే పోతుంది. క్లోవర్ గింజ పౌండుకు సుమారు 8 లక్షలు ఉంటాయి, అంత సన్నం. పావు అంగుళం కంటే కిందికి పోతే అది పైకి రాలేదు. అందుకని దున్నిన నేలను ముందు గట్టిపరచాలి. రోలరు ఉంటే రోలరు, లేకపోతే ఏటీవీ (పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) చక్రాలతో చెక్కంతా పక్కపక్కనే తొక్కించు. బూటు పెట్టి చూడు. మడమ అర అంగుళం కంటే దిగకూడదు. దిగితే ఇంకోసారి తొక్కించు. అప్పుడు గింజ చల్లి, మళ్ళీ తొక్కించు. పైన మట్టి కప్పాలని డిస్క్ తోలావంటే అంతా పాతిపెట్టినట్టే. గోధుమ, ఓట్స్ మాత్రం అంగుళం లోతుకు పోవాలి కాబట్టి వాటిని ముందు చల్లి, పైపైన డిస్క్ తోలి, గట్టిపరచి, ఆ తర్వాత సన్న గింజలు చల్లు.

50 సెంట్లను రెండు చెక్కలు చెయ్యి.

మొదటి 25 సెంట్లలో పర్పుల్ టాప్ టర్నిప్ 1 పౌండు, రేప్ (ఆవజాతి ఆకు మేత) అర పౌండు. జులై ఆఖరి వారం నుంచి ఆగస్టు 15 లోపల, వాన సూచన ఉన్న రోజుకు ముందు చల్లు. గింజ మన పోపు ఆవాలంతే ఉంటుంది, అదే కుటుంబం. చేతికి కొంచెమే అనిపించి రెట్టింపు వేయాలని మనసు లాగుతుంది. వేయొద్దు. ఒత్తుగా మొలిస్తే ఒకదాన్నొకటి తొక్కుకుని గడ్డ ఊరదు, ఆకు అరచేయంత కూడా రాదు. పొడి ఇసుకతో కలిపి, చల్లే యంత్రం కన్నాన్ని బాగా తగ్గించి, సగం ఉత్తర దక్షిణాలుగా, సగం తూర్పు పడమరలుగా చల్లు. టర్నిప్‌కు నత్రజని కావాలి. ఎకరాకు 60 పౌండ్లు అంటే ఈ చెక్కకు యూరియా 33 పౌండ్లు. మొలిచిన మూడు నాలుగు వారాలకు, ఆకు మీద తడి లేనప్పుడు, వాన రేపనగా వెయ్యి. వాన పడకుండా ఎండలో పడి ఉన్న యూరియా గాలిలో కలిసిపోతుంది. అక్టోబరులో మంచు కురిశాక ఆకులో చక్కెర పెరుగుతుంది, అప్పటి నుంచి జింకలు దాని మీద పడతాయి. అంతకు ముందు ముట్టకపోతే కంగారు పడకు. ఒకే చెక్కలో వరుసగా రెండేళ్ళకు మించి ఈ జాతి వేయకు, తెగుళ్ళు నేలలో నిలిచిపోతాయి.

రెండో 25 సెంట్లకు, పీహెచ్ బాగుంటే, లాడినో తెల్ల క్లోవర్ 2 పౌండ్లు, గోధుమ 12 పౌండ్లు. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు 15 లోపల. మొదటి శీతాకాలం గోధుమే మేత, దాని నీడన క్లోవర్ వేరు దించుకుంటుంది, వసంతం నుంచి క్లోవర్ పైకొస్తుంది. క్లోవర్ గింజకు పూత లేకపోతే దాని జాతికి తగ్గ రైజోబియం (వేరు బుడిపెల బ్యాక్టీరియా) పట్టించాలి. ఊళ్ళో వేరుశనగకూ కందికీ బెల్లం నీళ్ళతో పట్టించినట్టే ఇక్కడ పంచదార నీళ్ళతో కలిపి, నీడన ఆరబెట్టి, అదే రోజు చల్లు. ఎండ తగిలితే ఆ బ్యాక్టీరియా చస్తుంది. పూత పూసిన గింజ కొంటే బరువులో మూడో వంతు పూతే ఉండొచ్చు, ట్యాగు చదివి ఆ మేరకు ఎక్కువ వెయ్యి. ట్యాగులో ఇంకొకటి చూడు: ఆన్యువల్ రైగ్రాస్ కలిసిన మిక్స్ అయితే అక్కడే వదిలెయ్యి. అది చవకని కలుపుతారు, గింజ రాల్చి నీ ప్లాటులో కలుపై కూర్చుంటుంది. క్లోవర్ చెక్కకు యూరియా వేయొద్దు, గడ్డి పెరగడం తప్ప లాభం లేదు. రిపోర్టు చెప్పిన భాస్వరం, పొటాష్ మాత్రం వెయ్యి.

సెప్టెంబరులో మూడు రోజులకొకసారైనా వెళ్ళి లేత గోధుమను దగ్గరగా చూడు. మన దగ్గర 2018 నుంచి మొక్కజొన్నను పీడిస్తున్న కత్తెర పురుగు అమెరికా ఖండాల పురుగే. వేసవి చివర్లో అక్కడ లేత గోధుమ, ఓట్స్ మీద పడితే రెండు మూడు రోజుల్లో చెక్క బోడిగా మారుతుంది. ఆకు అంచులు గాజులా పారదర్శకంగా గీకినట్టు కనిపిస్తే సాయంత్రం చల్లబడ్డాక మోకాళ్ళ మీద కూర్చుని మొదళ్ళు విప్పి చూడు, పిల్ల పురుగులు దొరుకుతాయి. అప్పుడే మందు కొట్టు. పెద్దవైతే మందుకు లొంగవు.

నాలుగు అడుగుల ఎత్తు కంచె వైరు పంజరానికి 12 అడుగుల చొప్పున కొని, గుండ్రంగా చుట్టి, ఒక్కో చెక్కలో ఒక్కో పంజరం నిలబెట్టు. లోపల మోకాలెత్తు పంట ఉండి బయట నేలకు కొరికేసి ఉంటే జింకలు బాగానే తింటున్నాయి, ప్లాటే చిన్నదని అర్థం. లోపలా బయటా ఒకేలా ఉంటే వాటికి వేరే మేత ఉంది. లోపలే ఎదగకపోతే తప్పు నేలది. ఈ ఒక్క పంజరం లేకపోతే మూడింటికీ తేడా తెలియదు.

వైట్ ఓక్ కాయలు బాగా కాసిన ఏడాది, సెప్టెంబరు చివరి నుంచి అవి రాలినంత కాలం జింకలు నీ ప్లాటు వైపు చూడకపోవచ్చు. రెడ్ ఓక్ కాయల కంటే వాటిలో వగరు తక్కువ. అలాంటప్పుడు కాయలు రాలే చెట్టు దగ్గర కూర్చోవడమే దారి. ప్లాటు బలం కాయలు అయిపోయాక, చలి ముదిరాక కనబడుతుంది.

వెళ్ళి వచ్చే దారి గురించి చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం విత్తనం కంటే దీన్నే పైన పెడతాను. మాటు వేసే స్టాండ్ నుంచి గాలి జింకలు పడుకునే పొదల వైపు పోతుంటే ఆ రోజు వెళ్ళకు. ఆకురాలు కాలంలో చలిగాలి దిగిన రోజుల్లో ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది, దానికి తగ్గట్టు ఆగ్నేయ అంచున ఒక స్టాండ్ పెట్టుకో, దక్షిణపు గాలికి ఇంకొకటి. ప్లాటు మీద తెల్లవారుజామున కూర్చోకు. రాత్రంతా మేసిన జింకలు అప్పటికి అక్కడే ఉంటాయి, చీకట్లో వాటి మధ్యలోంచి నడవాల్సి వస్తుంది. సాయంత్రం దిగేటప్పుడూ ఇదే చిక్కు. ఎవరినైనా బండితో లోపలికి రమ్మను. బండికి బెదిరి పోయిన జింక మళ్ళీ వస్తుంది, స్టాండ్ దిగుతున్న మనిషిని చూసినది పగలు రావడం మానేస్తుంది. నడిచే దారి పక్కన తెర కావాలంటే జొన్న జాతికి చెందిన ఈజిప్షియన్ వీట్‌ను ఈ నెలలోనే 15 అడుగుల వెడల్పు పట్టీగా వెయ్యి, సెప్టెంబరుకల్లా మనిషి కనబడనంత ఎత్తు లేస్తుంది.

చట్టం సంగతి. నాటి పెంచిన పంట మీద వేటాడటం మిస్సోరిలో తప్పు కాదు. మొక్కజొన్న గింజలు తెచ్చి పోసి అక్కడ వేటాడితే నేరం. పూర్తిగా ఎత్తేసిన తర్వాత కూడా 10 రోజులు ఆ చోటును ఎర వేసిన చోటుగానే లెక్కిస్తారు. డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్ (మిస్సోరి వన్యప్రాణి శాఖ) వేట నిబంధనల పుస్తకం ఏటా కొత్తది చదువు. 1967 జనవరి 1 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు సాధారణంగా తుపాకీ వేటకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) పూర్తిచేసి ఉండాలి. స్నేహితుల్లో హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళకు సరదాకైనా తుపాకీ చేతికివ్వకు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా పట్టుకుంటే అది ఫెడరల్ నేరం. ఇంకో మాట, ఇది చూసి ఊళ్ళో తమ్ముళ్ళెవరూ ఉత్సాహపడకుండా చూడు. నారాయణపేట వైపు కృష్ణజింకలు పొలాల మీద పడి రైతులు నష్టపోతున్నా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ జింకను చంపితే జైలే.

మట్టి రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు. పీహెచ్, ఈఎన్‌ఎమ్ అంకెలు రెండూ కనబడేలా తియ్యి. దాంతోపాటు క్వారీవాళ్ళు చెప్పిన అంకె కూడా రాయి, బస్తాల లెక్క తేల్చి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న