పాత ఇల్లు కొనడానికీ, బాగుచేయడానికీ ఒకే రుణం దొరుకుతుందా?

అమెరికాలో పైకప్పు కారుతున్న పాత ఇల్లు తక్కువ ధరకు వస్తోందని, కొనుగోలుకూ మరమ్మతులకూ కలిపి ఒకే అప్పు తీసుకోవచ్చా అని అడిగారు. తీసుకోవచ్చు. దాని పేరు 203కె రుణం.

అయితే ముందు మీ వీసా సంగతి చూసుకోండి. 2025 మే 25 నుంచి నమోదయ్యే దరఖాస్తుల్లో, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారికి ఈ అర్హత లేదు. గ్రీన్‌కార్డు ఉంటే ఇబ్బంది లేదు. పాత సమాచారం నమ్మి అడ్వాన్సు ఇచ్చేయకండి.

ప్రభుత్వ రుణం అంటారు గానీ, డబ్బు ఇచ్చేది బ్యాంకే. మీరు కట్టలేకపోతే బ్యాంకుకు కలిగే నష్టానికి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ బీమా ఇస్తుంది. ఆ బీమా ఖర్చు మీదే: మొదట్లో రుణంలో 1.75 శాతం, ఆపైన ఏటా మరికొంత. క్రెడిట్ స్కోరు 580 గానీ ఆపైన గానీ ఉంటే చేతి నుంచి పెట్టవలసింది 3.5 శాతమే. ఆ ఇంట్లో మీరే నివసించాలి, అద్దెకివ్వడానికే కొంటే కుదరదు.

మరమ్మతుల డబ్బు మీ చేతికి రాదు. విడిగా ఒక ఖాతాలో ఉంచి, పని జరిగిందని తనిఖీ చేశాక విడతలుగా కాంట్రాక్టరుకు ఇస్తారు. అందుకే పూర్తి చెల్లింపు వచ్చేదాకా ఆగగలిగే కాంట్రాక్టరును ముందే వెతుక్కోండి, నా దృష్టిలో అసలు కష్టం అక్కడే. ఈ రుణంలో రెండు రకాలున్నాయి. నిర్మాణాన్ని మార్చని పనులు 75,000 డాలర్ల లోపయితే పరిమిత రకం చాలు. గోడలు, పునాది కదిలిస్తే ప్రామాణిక రకం కావాలి, దానికి సలహాదారు తప్పనిసరి. కొత్త ఈతకొలను మాత్రం రెండింటిలోనూ రాదు.